మూడో రాత్రి దుప్పటి

బందరు రోడ్డు మీద హంసతూలిక హోటల్ పదమూడంతస్తులు లేచేసరికి బెజవాడ ఆటోవాళ్లకి కొత్త గుర్తు దొరికింది. "హంసతూలిక దాటాక రెండో సందు" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంకా రిబ్బన్ కత్తిరించలేదు గానీ, అందులో పడుకుంటే మనిషి దిగులంతా పరుపు పీల్చేసుకుంటుందని ఊరంతా పాకిపోయింది. ఆ మాటలో కొంచెం తప్పుంది. పీల్చేది పరుపు కాదు, దుప్పటి.

ఆ సంగతి పిచ్చేశ్వరరావుకి ముందే తెలుసు. ఆ దుప్పట్లు ఉతికించే లాండ్రీకి మాస్టరు ఆయనే. వయసు యాభై మూడు. తాత కృష్ణ ఒడ్డున రేవులో బండ మీద ఉతికాడు, తండ్రి ఇస్త్రీ బండి తోశాడు, ఈయన పెద్ద హోటళ్ల లాండ్రీల్లో ఇరవై ఎనిమిదేళ్లు చేసి ఇక్కడికొచ్చాడు. చదివింది ఏడో తరగతి. గుడ్డని రెండు వేళ్ల మధ్య పెట్టి రాస్తే మాత్రం అది ఎన్ని ఉతుకులు తిన్నదో చెప్పగలడు.

ఆయన పనిలో చేరిన మొదటి వారమే డాక్టర్ హైమవతి కింద లాండ్రీలోకి దిగి వచ్చింది. ఆ దుప్పటి నూలు కనిపెట్టింది ఆవిడే. నలభై దాటిన మనిషి, జుట్టు ముడి, చేతికి వాచీ తప్ప ఇంకేం లేదు. బల్ల మీద రెండు దుప్పట్లు పరిచింది. ఒకటి మల్లెపువ్వులా ఉంది. రెండోదాని మీద భుజాల దగ్గర్నుంచి పాదాల దాకా లేత పసుపు.

"ఇది చెమట మరక కాదు మాస్టారూ."

"తెలుస్తానే ఉంది మేడమ్. చెమటైతే అంచులు ముదురుగా ఉంటయ్యి. ఇది నడుమ ముదిరింది. ఏంటిది?"

"దిగులు," అన్నది హైమవతి.

ఆయన హాస్యం అనుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"బెంగపడ్డ మనిషి ఒంట్లో ఒక ఊట ఊరుతుంది. నిద్రలో అది అరచేతుల్లోంచి, అరికాళ్లలోంచి చెమటతో కొంచెం బయటికొస్తుంది. మంచం కింద చిన్న కరెంటు పెట్టె ఉంటుంది. దాని బలంతో ఈ నూలు ఆ ఊటని లాగుతుంది. లాగినకొద్దీ పసుపెక్కుతుంది."

"ఉతికితే పోతదా?"

"నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు కాలవలో వదలకూడదు, డ్రమ్ముల్లో పట్టి మా ల్యాబుకి పంపాలి. ఉతికే ముందు ప్రతి దుప్పటినీ ఆ లైటు మిషను కింద పెట్టి రంగు కొలవాలి. ఈ రెండే రూల్స్."

"రెండేగా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

నెల తిరక్కుండా ఆ రెండూ తప్పింది ఆయనే.

తెరిచే ముందు హోటల్ వాళ్లు ఒక పద్ధతి పెట్టుకుంటారు. అసలు అతిథులు రాకముందే సొంత మనుషుల్ని గదుల్లో ఉంచి, లోటుపాట్లు చూసుకుంటారు. మేనేజర్ కౌశిక్ అందర్నీ నిలబెట్టి చెప్పాడు. ప్రతి విభాగం పెద్దా జంటగా మూడు రాత్రులు గదిలో ఉండాలి, కాఫీ చల్లగా వస్తే గొడవ పెట్టుకోవాలి, మొహమాటపడకూడదు.

"పిల్లని వదిలి నేను రాను," అన్నది పిచ్చేశ్వరరావు భార్య నాంచారమ్మ. ఆ మాటతో ఆ సంభాషణ అయిపోవాలి. పన్నెండేళ్లుగా అలాగే అయిపోతోంది.

వాళ్లకి ఒక్కతే కూతురు, లిఖిత, పదిహేడేళ్లు. ఐదో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చింది. అప్పట్నుంచీ మందులు వాడుతున్నా, నెలకి మూడు నాలుగుసార్లు వస్తూనే ఉంది. వచ్చేది నిద్రలోనే. వచ్చినప్పుడు పిల్లని పక్కకి ఒత్తిగిలించి పట్టుకోవాలి, లేకపోతే నోట్లో నురగ గొంతుకి అడ్డం పడుతుంది. డాక్టరు చెప్పిన జాగ్రత్త అదొక్కటే, అది చాలా పెద్దది. అందుకని నాంచారమ్మ రోజూ తన కొంగు చివర పిల్ల మణికట్టుకి ముడేసి పడుకుంటుంది. చెయ్యి అదిరితే కొంగు లాగుతుంది, కొంగు లాగితే ఈమె లేస్తుంది. కొంగు లాగకపోయినా గంటకోసారి లేస్తుంది. అదే గదిలో పిచ్చేశ్వరరావు కూడా పడుకుంటాడు గానీ, ఆయన నిద్ర బండ. రోజంతా మిషన్ల హోరులో నిలబడ్డ మనిషి, పడుకుంటే తెల్లారాకే.

చివరికి ఆయన చెల్లెలు సుబ్బులు వచ్చి ఒప్పించింది. "నీ కొంగు కాకపోతే నా కొంగు లేదా వదినా? మూడ్రోజులేగా. నేను కట్టుకుంటా. పొయ్యి రాజాలాగా పడుకో."

"రాజాలాగా ఆయన పడుకుంటాడులే. నాకు అలవాటు లేదు," అన్నది నాంచారమ్మ. అయినా బయల్దేరింది.

ఆరో అంతస్తు, 614. తలుపు తీయగానే కర్టెన్లు వాటంతటవే పక్కకి జరిగాయి. కింద బందరు రోడ్డు చీమలబారులా ఉంది, హారన్ ఒక్కటీ వినపడటం లేదు. నాంచారమ్మ బాత్‌రూములోకి తొంగిచూసి, గాజు గోడ చూసి, తొట్టి చూసింది.

"దీన్నిండా పడితే మన వీధికి రెండ్రోజులొస్తయ్యి నీళ్లు."

"గెస్టులు అట్టా మాట్టాడరు."

"మరెట్టా మాట్టాడతారు?"

"కాఫీ చల్లగా ఉందంటారు."

"వేడిగా ఉంటే?"

"అప్పుడు కూడా."

రాత్రి పడుకునేటప్పుడు పిచ్చేశ్వరరావు భుజాన ఉన్న తువ్వాలు కింద తివాచీ మీద పరుచుకున్నాడు.

"ఏమయ్యా, నలుగురు పట్టే మంచం పెట్టుకుని కింద పడుకుంటావేంటి?"

"అది గెస్టుల దుప్పటి."

"గెస్టులం మనమేగా."

ఆయన తువ్వాలు ముడతలు సరిచేసుకున్నాడు. చాకలోళ్లు ఊరి బట్టలు కట్టుకుని తిరుగుతారని ఎవరో ఎగతాళి చేస్తే, ఆయన తాత రేవులో నిలబడి ఒట్టు పెట్టుకున్నాడట, ఉతికే చెయ్యి ఉన్నన్నాళ్లు పరాయి పక్కబట్ట మీద ఒళ్లు వాల్చేది లేదని. తండ్రి పాటించాడు. ఈయన ఇరవై ఎనిమిదేళ్లు ఎన్ని వేల దుప్పట్లు మడతపెట్టాడో, ఒక్కదాని మీదా కూర్చోలేదు.

మొదటిరోజు నాంచారమ్మ మధ్యాహ్నంలోగా ఆడబిడ్డకి పదకొండుసార్లు ఫోన్ చేసింది. మర్నాడు రెండుసార్లు. మూడోరోజు ఫోన్ తియ్యలేదు. బఫేలో పనసపొట్టు కూర బాగుందని రెండోసారి వడ్డించుకుంది. భర్త ఆమె వంక చూసి, ముఖం తేటపడిందనుకున్నాడు. సంతోషపడ్డాడు కూడా.

దుప్పటి సంగతి ఇలా జరిగింది. మొదటి పొద్దున ఆమె లేవగానే ఆయన పక్క తీశాడు. అప్పటికే వంట విభాగం పెద్దా, అకౌంట్స్ పెద్దా పడుకున్న దుప్పట్లు కిందికి వచ్చినవి చూశాడు. గంజి రంగులో ఉన్నాయి, అంతే. ఇది సగం తెల్లగా, సగం పసుపు కొమ్ములు నూరిన రోలులా ఉంది. నిద్రపోయిన మనిషి ఆకారం మొత్తం అచ్చు పడింది. ఒక చెయ్యి పక్కకి చాపి ఉంది, పిల్ల ఉండే వైపు.

ఆయనకి సిగ్గేసింది. కుర్రాళ్లు దీన్ని లైటు మిషను కింద పెడతారు, "ఎవరిదిరా ఇంత మురికి" అంటారు, పైన రాసి ఉంటుంది, మాస్టారిది. తమ ఇంటి మురికి ఇంకొకరి చేత ఉతికించడం ఆయన ఎరగడు. మరక లోపలికి వచ్చేలా మడిచి, చంకన పెట్టుకుని, మెట్ల దారిన డాబా మీదికి వెళ్లి, టబ్బులో సోడా కలిపి చేత్తో ఉతికాడు. పసుపు నీళ్లు తూములోకి పోయాయి. ఎండకి ఆరేసి, మధ్యాహ్నానికి మడతపెట్టి షెల్ఫులో పెట్టేశాడు. రెండోరోజూ అంతే.

మూడోరోజు పదకొండింటికి గది ఖాళీ చెయ్యాలి, ఆ సాయంత్రమే ప్రారంభోత్సవం, కింద ఆరువందల నాప్‌కిన్లు ఇస్త్రీకి ఉన్నాయి. తీరిక లేక ఆ దుప్పటిని మూటకట్టి తన లాకర్లో కుక్కాడు. రేపు ఉతుకుదామనుకున్నాడు. మర్నాటినుంచీ హోటల్ నిండిపోయింది, ఆ రేపు రాలేదు.

ఇంటికొచ్చాక నాంచారమ్మ బాగుంది. వీధిలో అందరూ అదే మాట, ఒళ్లు చేసిందని, రంగొచ్చిందని. వంట చేస్తుంది, పిల్లకి మందులు టైముకి ఇస్తుంది, టీవీ చూసి నవ్వుతుంది. కొంగు మాత్రం కట్టడం మానేసింది. ఆయన గమనించలేదు. ఆయనెప్పుడు గమనించాడు గనక.

ఎనిమిదో రోజు పొద్దున ఆయన పళ్లు తోముకుని వచ్చేసరికి లిఖిత మంచం మీద లేచి కూర్చుని ఉంది. తలగడ మీద రక్తం. నాలుక కొరుక్కుంది. పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"రాత్రి వచ్చింది నాన్నా. లేచేసరికి బోర్లా ఉన్నా. ఊపిరి రాలా కాసేపు."

"అమ్మ?"

"అమ్మ పడుకునుంది."

వంటింట్లో నాంచారమ్మ ఇడ్లీపిండి కలుపుతోంది. ఆయన చెబితే విన్నది, గరిటె ఆపలేదు. "చూశానయ్యా. ఇప్పుడు బానే ఉందిగా. ఉప్పునీళ్లు పుక్కిలించమను."

కోపంగా అనలేదు, విసుగ్గా కూడా అనలేదు. పక్కింటివాళ్ల పిల్లకి చెప్పినట్టు చెప్పింది. అది చూసి పిచ్చేశ్వరరావు ఇడ్లీ తినకుండానే హైమవతి దగ్గరికి బయల్దేరాడు.

హైమవతి ల్యాబు గన్నవరం దారిలో ఒక పెద్ద రేకుల షెడ్డు. లోపల నీలిరంగు డ్రమ్ములు వరసగా ఉన్నాయి. ఆవిడ బల్ల వెనక గోడకి చీటీలు అంటించి ఉన్నాయి. "అమ్మకి ఫోన్: ఆదివారం, బుధవారం." "చెల్లి కొడుకు పుట్టినరోజు: 14. బాగున్నావా అని అడగాలి." ఆయన అవి చదివాడు. చదవనట్టు కూర్చున్నాడు.

"614 లెక్కలు మూడు రోజులవీ లేవు మాస్టారూ. నేనే మీ దగ్గరికి వద్దామనుకుంటున్నా."

ఆయన అంతా చెప్పాడు, డాబా, సోడా, తూముతో సహా. ఆవిడ రాసుకుంది. తిట్టలేదు.

"ఒక్క రాత్రి పడుకుంటే వారంలో మళ్లీ ఊరుతుంది. వరసగా మూడైతే కొందరికి ఊట ఎండిపోతోంది. మూడు రాత్రులే చాలని ఈ మధ్యే తెలిసింది. దిగులు వేరు, మనవాళ్ల మీద బెంగ వేరు అనుకున్నాం. నూలుకి ఆ తేడా తెలియదు."

"మీకెట్టా తెలిసింది మేడమ్?"

"మొదటి నలభై రాత్రులూ దాని మీద పడుకుంది నేనే." ఆవిడ వెనక్కి తిరిగి చీటీలు చూసింది. "మా నాన్నగారు పోయారు. దినం రోజు నేను ఇక్కడే పనిచేసుకున్నా. వెళ్లాలనిపించలేదు. అది తప్పని తెలుసు. తెలుసు, అంతే. పద్నాలుగు నెలలైంది, ఊరలేదు. ఆ దుప్పట్లన్నీ ఎప్పటికప్పుడు ఉతికేశాం."

"ఉతక్కపోతే?"

"కరెంటు పెట్టె తీగలు అటుదిటు మార్చి, దాని మీద ఒక్కసారి పడుకుంటే ఒంట్లోకి తిరిగి ఎక్కుతుంది. రెండు నెలలు దాటని దుప్పటైతే చాలు. ల్యాబులో ఇద్దరికి చేశాం. అంతా అక్కర్లేదు. పాలల్లో తోడు వేసినట్టు, కొంచెం పడితే మిగతాది అదే ఊరుతుంది." ఆగి అడిగింది. "మీవి మూడూ ఉతికేశారుగా."

"రెండు," అన్నాడు పిచ్చేశ్వరరావు.

హైమవతి మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. లేచి అలమరలోంచి సబ్బుపెట్టెంత కరెంటు డబ్బా తీసిచ్చింది. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అందులో ఉండేది ఉత్త బెంగ. ఎవరు పడుకుంటే వాళ్లకి ఎక్కుతుంది. ఎవరి మీద పెట్టుకోవాలనేది పడుకున్నవాళ్ల సంగతి. ఇంకోటి, ఆమెని అడక్కుండా చెయ్యొద్దు."

ఆయన అడిగాడు. మూట విప్పి చూపించాడు కూడా. నాంచారమ్మ ఆ పసుపు ఆకారాన్ని చాలాసేపు చూసింది, ఎవరిదో ఫోటో చూసినట్టు.

"ఇదంతా నాదేనా?"

"ఒక్క రాత్రిది."

"మరి నీ పక్క తెల్లగా ఉందే."

"నేను కింద పడుకున్నాగా."

"ఆ," అన్నది. "ఇంట్లో మంచం మీద పడుకున్నా అట్టాగే ఉండేదిలే."

ఆయన తల దించుకున్నాడు. ఆమె పోట్లాడే గొంతుతో అనలేదు, బియ్యంలో రాయి ఉందని చెప్పినట్టు అన్నది.

"నేను పడుకోనయ్యా దీని మీద. పన్నెండేళ్లు నిద్దరంటే ఏంటో తెలీదు నాకు. కళ్లు మూస్తే పిల్ల నీలంగా కనపడేది. ఇప్పుడు కనపట్టంలా. నువ్వు ఉతికి పారేసిన రెండ్రోజులు పోను, మిగిలింది ఏరుకొచ్చి మళ్లా నాకే ఎక్కిస్తానంటున్నావు."

"పిల్లకేమన్నా అయితే?"

"అవకూడదు. నాకు తెలుసు అవకూడదని. అలారం పెట్టు, లేస్తా."

గంటకో అలారం పెట్టారు. మొదటిరోజు లేచింది, చూసింది, పడుకుంది. మూడోరోజు నిద్రలోనే చెయ్యి చాపి ఆపేసింది. ఆయనకి అలారం వినపడనే లేదు. లిఖితే లేచి, "నాన్నా, మీ అలారంకి నేను లేస్తున్నా, ఇదేం వైద్యం," అని నవ్వింది. నవ్వేటప్పుడు నాలుక మీద మానుతున్న గాయం కనిపించింది.

ఆదివారం ఆయనకి సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాంచారమ్మ పక్కింటికి అప్పడాలు ఒత్తడానికి వెళ్లింది. రోజూ మూడింటికి వచ్చి ఒక కునుకు తీస్తుంది. పిచ్చేశ్వరరావు మూట తెచ్చి, ఆమె మంచం మీద దుప్పటి పరిచాడు. కింద డబ్బా పెట్టి, తీగలు అటుదిటు తగిలించాడు. పైన ఆమె రోజూ వేసుకునే పూల దుప్పటి పల్చగా కప్పేస్తే తెలియను కూడా తెలియదు. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

కింద దుప్పటికి కాళ్ల దగ్గర ముడత ఉంది. అలవాటు కొద్దీ అరచేత్తో సరిచేశాడు. సరిచేస్తుంటే ఆ చాపిన చెయ్యి ఆకారం మీదికి ఆయన చెయ్యి వచ్చింది. ఎవరిదో హోటల్ గదిలో, పిల్ల లేని వైపుకి, నిద్రలో కూడా చాపిన చెయ్యి. పూల దుప్పటి మడతపెట్టి కుర్చీలో పెట్టేశాడు.

తర్వాత చొక్కా విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి, తన జన్మలో మొదటిసారి ఉతకాల్సిన పక్కబట్ట మీద ఒళ్లు వాల్చాడు. ఒక చెయ్యి చాపాడు.

మూడింటికి నాంచారమ్మ వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమటలు. దుప్పటి తెల్లగా ఉంది.

"పిల్లేది?" అన్నాడు.

"బైట దండెం మీద బట్టలు తీస్తంది."

"చప్పుడు లేదే."

"బట్టలు తీస్తే చప్పుడెందుకవుద్ది?"

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి వెళ్లి చూశాడు. నాంచారమ్మ గుమ్మంలో నిలబడి ఆయన్నీ, మంచం మీది తెల్ల దుప్పటినీ చూసింది. దుప్పటి తీసి మడిచి, డబ్బాతో పాటు ఆయన సంచిలో పెట్టింది.

అది జరిగి నాలుగు నెలలు. హైమవతి రిపోర్టు రాసిచ్చాక హోటల్ వాళ్లు ఒక మనిషికి వరసగా రెండు రాత్రులకి మించి గది ఇవ్వకూడదని నియమం పెట్టారు. దాంతో గిరాకీ ఇంకా పెరిగింది. లాండ్రీలో పిచ్చేశ్వరరావు కొత్తగా ఒక షెల్ఫు కొట్టించాడు. మరీ ముదురు పసుపెక్కిన దుప్పట్లని వెంటనే ఉతికించడు. గది నంబరు, తేదీ రాసి మూటకట్టి రెండు నెలలు ఉంచుతాడు, ఎవరైనా వెనక్కి కావాలని వస్తారేమోనని. మాసిన గుడ్డ ఒక పూట నిలవుంచితే ఒప్పుకోని మనిషి. ఇప్పటిదాకా డెబ్భై మూటలు కట్టాడు. ఒక్కరూ రాలేదు.

ఇంట్లో లిఖిత మంచం పక్కనే ఆయన పడుకుంటాడు, తువ్వాలు చివర ఆ పిల్ల మణికట్టుకి ముడేసి. ఈ నాలుగు నెలల్లో పదమూడుసార్లు లేచి పట్టుకున్నాడు. అదరని రాత్రులు కూడా గంటకోసారి లేస్తాడు. కళ్ల కింద నల్లబడింది, మిషన్ల దగ్గర నిలబడే తూగుతున్నాడని కుర్రాళ్లు ఆటపట్టిస్తారు.

"నువ్వు ఇటూ అటూ దొర్లుతుంటే నా చెయ్యి ఊగుతోంది నాన్నా," అంటుంది లిఖిత. "అమ్మైతే కదిలేది కాదు."

నిన్న పడుకోబోయే ముందు ఆయన ముడి వేస్తుంటే, అవతలి మంచం మీద నాంచారమ్మ ఇటు తిరిగి చూస్తూ ఉంది. అప్పటికే ఆమె కళ్లు నిద్రకి బరువెక్కాయి.

"ఎట్టా ఉందయ్యా?" అన్నది.

ఆయన ముడి బిగించాడు. "పొద్దున దాకా తడిబట్టల మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డట్టుంది."

"ఆ. అట్టాగే ఉండేది," అన్నది నాంచారమ్మ. గోడవైపు తిరిగి, రెండు నిమిషాల్లో నిద్రపోయింది.